స్ప్రింగు గట్టిదైతే సరిపోతుందా?

పోయినేడు మా చిన్నాన్న కొడుకు తన బైకుకి "రేసింగ్ వాల్వ్ స్ప్రింగులు" వేయించాడు. వాడేమీ రేసులకి పోడు, రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకి పోతాడంతే. ఏడు నెలలు తిరక్కుండానే ఇంజన్లోంచి టకటకమని ఒకటే చప్పుడు. మాకు తెలిసిన మెకానిక్ హెడ్ విప్పి క్యామ్ షాఫ్ట్ తీసి మా చేతిలో పెట్టాడు. "చూడున్రి సార్, క్యామ్ ముక్కు మొత్తం అరిగింది. గీ బండికి గంత గట్టి స్ప్రింగులెందుకు ఏసిన్రు?" అన్నాడు.

మావాడు ఒప్పుకోడే! "అన్నయ్యా, నేనసలు స్పీడుగా తోలనే లేదు. ట్రాఫిక్‌లో నలభై దాటితే గొప్ప. ఎలా అరుగుతుంది?" అని నామీద పడ్డాడు. మంచి ప్రశ్నే. దాని వెంట పడితే నాకు డెబ్భై ఏళ్ళ కథ ఒకటి దొరికింది.

ముందు కాస్త ఇంజను పాఠం. వాల్వుని తెరిచేది క్యామ్, మూసేది స్ప్రింగు. మూసుకున్నాక కూడా స్ప్రింగు దాన్ని సీటుకేసి అదిమిపెట్టే ఉంచుతుంది. ఆ అదుమే సీట్ ప్రెజర్. ఇది చాలకపోతే వాల్వు సీటు మీద పడి ఎగురుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని చాలావరకు సీటుకి ఇచ్చే చల్లబడాలి, సరిగ్గా ఆనకపోతే కాలిపోతుంది. వేగం మరీ పెరిగితే క్యామ్ ముందెళ్ళిపోయి వాల్వు వెనకబడుతుంది, పిస్టన్ వచ్చి దాన్ని గుద్దే ప్రమాదమూ ఉంది. పైగా ఆర్పీఎం రెట్టింపైతే వాల్వుని అదుపులో ఉంచడానికి కావలసిన బలం నాలుగింతలు!

అయితే గట్టి స్ప్రింగు వేసేస్తే పోలా? ఇక్కడే ఉంది తిరకాసు. వేగంగా తిరిగేటప్పుడు క్యామ్ ముక్కు దగ్గర వాల్వు జడత్వం స్ప్రింగు బలంలో కొంత మింగేస్తుంది, ముక్కు మీద భారం తగ్గుతుంది. మెల్లగా తిరిగేటప్పుడు ఆ సాయం ఉండదు. స్ప్రింగు బలమంతా ముక్కు మీదే పడుతుంది. అప్పుడు ఆయిల్ పొర కూడా పల్చనే. అంటే మావాడి క్యామ్ అరిగింది స్పీడుగా పోయినప్పుడు కాదు, సిగ్నళ్ళ దగ్గర ఆగి ఉన్నప్పుడు! పండగ సేల్ రోజు లోడు కోసం తీసుకున్న సర్వర్లకి ఏడాది పొడుగునా అద్దె కట్టడం లాంటిదన్నమాట.

ఈ చిక్కు రేసు ఇంజన్లు చేసేవాళ్ళకి బాగా పాతది. ఒకప్పటి కాయిల్ స్ప్రింగులు వేడికి బలం కోల్పోయేవి, తమలో తామే ఊగిపోయి విరిగేవి. అందుకే 1950ల నాటి నార్టన్ మాంక్స్‌లో హెయిర్‌పిన్ ఆకారపు స్ప్రింగులు కనిపిస్తాయి.

ఇటలీలో డుకాటీ ఇంజనీరు ఫాబియో టాలియోని ఇంకో దారి పట్టాడు. స్ప్రింగుతో ఇంత గొడవైతే అసలు స్ప్రింగే ఎందుకు? తెరవడానికి ఒక క్యామ్, మూయడానికి ఇంకో క్యామ్. దీన్నే డెస్మోడ్రోమిక్ అంటారు. ఆలోచన కొత్తది కాదు, 1954లో మెర్సిడెస్ తన డబ్ల్యూ196 రేసు కారులో వాడింది. టాలియోని 125 సీసీ డెస్మో 12,500 ఆర్పీఎం దాకా తిరిగేది. 1956 జులైలో స్వీడన్‌లోని హెడెమోరాలో, పాల్గొన్న మొదటి రేసులోనే గెలిచింది. నడిపినవాడు జాన్ని డెల్యి ఆంటోని. పాపం, కొద్ది వారాలకే మోంజాలో ప్రాక్టీసు చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 1968లో డెస్మో మామూలు జనం కొనుక్కునే బైకుల్లోకీ వచ్చింది.

జపాన్ వాళ్ళు ఇదే లెక్కని ఇంకో వైపు నుంచి చూశారు. స్ప్రింగుని ఏం చెయ్యాలని కాదు, స్ప్రింగు మోసే బరువుని ఏం చెయ్యాలని. పెద్ద వాల్వులు రెండు బదులు చిన్నవి నాలుగు పెట్టారు. చిన్న వాల్వు తేలిక, తేలికైనదాన్ని వెనక్కి లాగడానికి అంత గట్టి స్ప్రింగు అక్కర్లేదు. 1959లో మొదటిసారి ఐల్ ఆఫ్ మాన్‌కి వచ్చిన హోండా, 1961కల్లా 125, 250 రెండు తరగతుల్లోనూ ప్రపంచ టైటిళ్ళు ఎగరేసుకుపోయింది. 1966 నాటి ఆర్‌సీ166 అయితే మరీ వింత. 250 సీసీలో ఆరు సిలిండర్లు, 24 వాల్వులు, 18,000 ఆర్పీఎం. అదీ స్ప్రింగులతోనే! మైక్ హెయిల్‌వుడ్ 1966, 1967ల్లో 250 ఛాంపియన్‌గా నిలిచింది హోండా మీదే.

మరి ఎవరు రైటు? 2007లో కేసీ స్టోనర్ మోటోజీపీ టైటిల్ గెలిచింది డెస్మో డుకాటీ మీదే కాబట్టి టాలియోనిని తప్పనలేం. కానీ రెండు క్యామ్‌ల సందులు రెండూ కొలిచి సరిచెయ్యాలి, ఆ సర్వీసు ఖర్చు మామూలుది కాదు. చివరికి 2020లో డుకాటీయే తన మల్టీస్ట్రాడా వీ4 కోసం స్ప్రింగులున్న ఇంజను ప్రకటించింది. వాల్వు క్లియరెన్సు 60,000 కిలోమీటర్లకోసారి చూసుకుంటే చాలంది. ఎక్కువ వేగం కావలసిన వీ4 సూపర్‌బైకుల్లో డెస్మోని ఉంచేసింది. దూరప్రయాణాల బండికి మాత్రం స్ప్రింగే మేలనుకుంది. 1956లో నమ్మదగని స్ప్రింగు, మంచి ఉక్కు వచ్చాక నమ్మదగినదైంది మరి.

నాకు మాత్రం హోండా పద్ధతే నచ్చింది. ఇంకా గట్టిగా అదుముదామా అనుకునే ముందు, బరువు తగ్గించగలమా అని ఓసారి చూడాలి. ఆ అదుముకి బిల్లు ఎప్పుడు పడుతుందో కూడా చూడాలి. రేసు రోజు కాదు, మిగతా రోజులన్నీ పడుతుంది.

మావాడు కొత్త క్యామ్, కొత్త రాకర్లు, కంపెనీ స్ప్రింగులు వేయించుకున్నాడు. బిల్లు వాడిది, ఉపన్యాసం నాది :)

నవ్వాను గానీ, నా సంగతీ ఒకటుంది. రిలీజు వారంలో మా టీముకి రోజుకి రెండు స్టేటస్ కాల్స్ పెట్టాను. రిలీజయి నాలుగు నెలలైంది, అవి అలాగే నడుస్తున్నాయి. సాయంత్రానిది సోమవారం నుంచి తీసేస్తున్నా.