నిలిచిన బండికి కావలి

మోటారుకారును వీధిలో నిలిపి తాళము వేసినచో లోపలి సొమ్ము భద్రమని మనమనుకొందుము. కాని తాళము తలుపును కాచునే గాని కిటికీ గాజును కాచదు. ఈ చిక్కును మన దేశమున పూర్వమెట్లు తీర్చుకొనిరో చెప్పదలచితిని.

17వ శతాబ్దమున రత్నవ్యాపారమునకై గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథమును 1676లో ప్రకటించెను. అతడు చెప్పినదానిని బట్టి సరకుల బండ్లు 100, 200 చొప్పున గుంపులుగా నడచెడివి. ఒక్కొక్క బండికి 10, 12 ఎడ్లు. వెంట నలుగురు భటులు. వారి జీతము సరకు యజమానియే ఈయవలెను. గౌరవముగా ప్రయాణము చేయువారు 20, 30 మంది సాయుధులను కుదుర్చుకొనెడివారు. మజిలీలో రాత్రివేళ వారు వంతులవారీగా కావలి కాసెడివారు.

అయితే ఆ కావలివారే దొంగిలించినచో? దీనికిని ఉపాయముండెను. వారిని కుదుర్చుకొన్న ఊరిలో వారికొక పెద్ద యుండెను. వారి నడవడికి అతడే జామీను. అందుచేత యజమాని తమపై ఫిర్యాదు చేయకుండునట్లు వారు మెలగెడివారు.

నాటి భద్రతకు మూలము ఇనుము కాదు, మాట పడుటకు వెరచు మనిషి. నేడు వీధిలో విడిచిన కారునకు అట్టి జామీనుదారు లేడు. కనుక సంచిని, ఫోనును సీటుమీద విడువక వెంట తీసికొనిపోవుటయే మేలని నా మనవి.