సంవర్గమానం: పరిభాషాపదం, బోధనక్రమం

హైదరాబాదు నారాయణగూడలో నేడు మాడపాటి హనుమంతరావు పేరుతో ఉన్న బాలికోన్నత పాఠశాల 1928లో తెలుగు మాధ్యమంతో ఆరంభమైంది. అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనభాష ఉర్దూ. కళాశాల స్థాయి గణితానికి తెలుగు పరిభాషను స్థిరపరిచే పని వ్యవస్థాబద్ధమైనది 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాతనే. నారాయణగూడను ఆనుకొని ఉన్న హిమాయత్‌నగర్‌లోని ఆ సంస్థ ప్రచురణలను చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్ అద్దెగదులలోనూ పోటీపరీక్షార్థులు నేటికీ చదువుతున్నారు. లాగరిథమ్‌కు తెలుగు గణితగ్రంథాలలో స్థిరపడిన పేరు సంవర్గమానం.

ఈ పదాన్ని విద్యార్థి రాస్తాడు. నోట మాత్రం ‘లాగ్’ అంటాడు. పదాన్ని విప్పిచెప్పే ఆచారం తరగతిలో అరుదు. సంవర్గమంటే గుణకారఫలం, వర్గాన్ని నిర్వచించే సందర్భంలో ఆర్యభటుడు ఈ మాటను ఆ అర్థంలోనే వాడాడు. మానమంటే కొలత. అయిదు రెండ్లను గుణిస్తే 32 వస్తుంది గనుక ఆధారం 2కు 32 సంవర్గమానం 5. గ్రీకు మూలాలనుండి నేపియర్ కూర్చిన ‘లాగరిథమ్’కు నిష్పత్తిసంఖ్య అని అర్థం. ఆరంభ విద్యార్థికి అది చెప్పేది స్వల్పం. తెలుగు పదమే విషయానికి దగ్గర.

ఈ భావన భారతీయ గణితానికి కొత్తది కాదు. క్రీ.శ. 816లో ముగిసిన ధవళ వ్యాఖ్యలో జైనాచార్యుడు వీరసేనుడు, ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయవచ్చో ఆ లెక్కను అర్ధచ్ఛేదమన్నాడు. లబ్ధపు అర్ధచ్ఛేదం గుణ్య గుణకాల అర్ధచ్ఛేదాల మొత్తమని కూడా ఆయనకు తెలుసు. 8కి మూడు, 16కు నాలుగు. వాటి లబ్ధం 128కి ఏడు. అయితే ఇది గణనసాధనంగా పట్టికల రూపం దాల్చలేదు.

ఆ రూపం 1614లో నేపియర్‌తో వచ్చింది. ఘాతాంకాల సంకేతం అప్పటికి స్థిరపడలేదు. రెండు రేఖలపై కదిలే బిందువులను పోల్చి ఆయన తన సంఖ్యలను సాధించాడు. పెద్ద గుణకారాలతో విసిగిన ఖగోళజ్ఞులకు ఊరట కల్పించడం ఆయన ఉద్దేశం. ఆధారం 10తో పట్టికలు కూర్చినవాడు బ్రిగ్స్. 1624 నాటి ఆయన పట్టికలో విలువలు 14 దశాంశస్థానాల వరకు ఉన్నాయి. సంవర్గమానాన్ని ఘాతాంకంగా నిర్వచించే పద్ధతి ఆయిలర్ 1748 గ్రంథంతో స్థిరపడింది.

పాఠ్యపుస్తకం ఈ చరిత్రను చివరినుండి మొదలుపెడుతుంది: ముందు ఘాతాంకం, వెనువెంటనే నిర్వచనం, ఆపై సూత్రాలు. తర్కరీత్యా ఇది నిర్దుష్టం. ఎందుకన్న ప్రశ్నకు మాత్రం సమాధానం దొరకదు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో క్లార్క్ పట్టికలు చేతిలో ఉన్నకాలంలో ఆ సమాధానం అనుభవంలోనే దొరికేది. కాల్‌క్యులేటర్ రాకతో ఆ అవసరం తీరింది, దానితోపాటు అనుభవమూ పోయింది.

ఆ అనుభవాన్ని ఒక్క తరగతిలో తిరిగి కల్పించవచ్చు. నాలుగు స్థానాల పట్టికలో 2కు 0.3010, 3కు 0.4771, కూడితే 0.7781. పట్టికలో 6కు ఉన్నది 0.7782. ఈ చివరి అంకెపై ప్రశ్న తప్పక పుడుతుంది. అయిదు స్థానాలు తీసుకొని 0.30103, 0.47712 కలిపితే 0.77815, సవరణ ఎక్కడ జరిగిందో విద్యార్థికే తెలుస్తుంది.