బైపీసీ గడప

అమెరికాలో వైద్యవిద్యార్థి ముందుగా డిగ్రీ స్థాయిలో జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలు చదవాలి. మన నడిగడ్డలో ఆ నిర్ణయం పదిహేనేళ్ళకే జరిగిపోతుంది. పదవ తరగతి ముగిసిన వేసవిలో బైపీసీలో చేరనివారికి ఆ దారి దాదాపు మూతబడినట్లే.

పూర్వం గడప వేరు. 'విద్వద్గద్వాల' కవిపండితులను పోషించింది. వనపర్తి ప్రభువులూ సాహిత్యాభిమానులే. కానీ 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. సంస్థానపు తెలుగు పిల్లవాడు శాస్త్రంకంటె ముందు పరభాషను జయించవలసి వచ్చేది.

1968లో తెలుగు అకాడమి ఏర్పడి ఇంటర్మీడియట్‌కు తెలుగు వాచకాలు వెలువరించింది. కిరణజన్య సంయోగక్రియ, పత్రహరితం వంటి మాటలు మా పిల్లల నోట సహజంగా పలికేవి. 1986 నుండి ఎంసెట్, తెలంగాణలో 2017 నుండి నీట్. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ దొరుకుతుంది. అయితే ఎం.బి.బి.ఎస్. తరగతిలో అడుగిడగానే అంతా ఆంగ్లమే. జీవశాస్త్రం క్షుణ్ణంగా ఎరిగిన నా శిష్యుడొకడు, తెలిసిన విషయాన్నే కొత్త పేర్లతో మొదటినుండి వల్లెవేయవలసి వచ్చిందని వాపోయాడు. (మార్కులకోసం బైపీసీ పిల్లలు తెలుగు వదలి సంస్కృతం పుచ్చుకోవడం మా పండితులకు మరొక దిగులు!)

2022లో వనపర్తి, నాగర్‌కర్నూలులలో చెరి 150 సీట్లతోనూ, 2024లో గద్వాలలో 50 సీట్లతోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమయ్యాయి. కళాశాల ఊరికి వచ్చింది. పల్లె బడిలో తెలుగున చదివిన పిల్ల ఆ గేటు దాటేలోగా ఆ ఆంగ్ల పదాలు నేర్పేవారెవరు?