పాలిమర్ పొర ఇంధన ఘటాలు: ఉష్ణం, వాహకత

పాలిమర్ పొర ఇంధన ఘటం హైడ్రోజన్, ఆక్సిజన్ల కలయికలో విడుదలయ్యే శక్తిని మంట లేకుండా నేరుగా విద్యుత్తుగా మార్చే పరికరం. వాడుకలో దీన్ని ఫ్యూయల్ సెల్ అంటారు. నడుమ ఉండే పలుచని ప్లాస్టిక్ పొర ప్రోటాన్లకు దారి ఇస్తుంది, ఎలక్ట్రాన్లకు ఇవ్వదు. అవి బయటి తీగ మీదుగా చుట్టు తిరిగి రావలసి ఉంటుంది కాబట్టే కరెంటు దొరుకుతుంది. పొర ప్రోటాన్లను ఎంత సులువుగా పోనిస్తుంది, లోపల పుట్టిన వేడి ఎంత త్వరగా బయటపడుతుంది అన్న రెండు ప్రశ్నల చుట్టే ఈ ఘటం చరిత్ర చాలావరకు నడిచింది. ఆ రెండింటినీ ముడివేసేది పొరలోని నీరు.

నీటిలో ఆవేశం అణువు నుంచి అణువుకు చేతులు మారుతూ సాగుతుందని థియోడోర్ గ్రోథస్ 1806లోనే ఊహించాడు. విలియం గ్రోవ్ 1839లో ప్లాటినం పట్టీలతో, ఆమ్లంతో తొలి ‘వాయు బ్యాటరీ’ చేశాడు. 1889లో లుడ్విగ్ మాండ్, చార్లెస్ లాంగర్ దాన్ని మెరుగుపరిచారు. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లపాటు ఆమ్లం, క్షారం, కరిగిన లవణాలే తప్ప ప్లాస్టిక్ పొర మాట ఎవరూ ఎత్తలేదు.

1955లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో విలార్డ్ థామస్ గ్రబ్ సల్ఫోనేటెడ్ పాలీస్టైరీన్ పొరను విద్యుద్విశ్లేష్యంగా వాడాడు. లియొనార్డ్ నీడ్రాక్ ఆ పొర మీద ప్లాటినం పూత నిలిచే పద్ధతి కనిపెట్టాడు. 1965 ఆగస్టులో జెమిని 5 నౌకతో ఈ ఘటాలు అంతరిక్షానికి వెళ్లాయి. పుట్టిన నీటిని వత్తులతో పీల్చి, వేడిని శీతల ద్రవంతో తోడేసేవారు. అయితే పొర క్రమంగా శిథిలమై ఆ నీటిలో కలిసేది. అందువల్ల అది తాగడానికి పనికిరాలేదు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకలు క్షార ఘటాలనే ఎంచుకున్నాయి.

1960ల చివర డ్యుపాంట్ సంస్థలో వాల్తర్ గ్రోట్ రూపొందించిన నాఫియాన్ ఈ లోపాన్ని తీర్చింది. టెఫ్లాన్ వెన్నెముకకు సల్ఫోనిక్ ఆమ్ల శాఖలు వేలాడే ఈ పదార్థం రసాయనికంగా బహు గట్టిది. నీరు తాగినప్పుడు ఆమ్ల భాగాలు ఒకచోట చేరి సుమారు 4 నానోమీటర్ల నీటి గుంటలుగా, వాటిని కలిపే సన్నని కాలువలుగా ఏర్పడతాయని గియర్కె బృందం 1980ల తొలినాళ్లలో వివరించింది. 2008లో ష్మిట్-రోర్, చెన్ ఆ చిత్రాన్ని మార్చి, 2.4 నానోమీటర్ల వ్యాసం గల సమాంతర గొట్టాలని ప్రతిపాదించారు.

అసలైన లెక్కలు 1991లో వచ్చాయి. లాస్ అలమాస్ ప్రయోగశాలలో స్ప్రింగర్, జవోడ్జిన్‌స్కీ, గాటస్‌ఫెల్డ్ ఒక్కో సల్ఫోనిక్ గుంపుకు ఎన్ని నీటి అణువులున్నాయో కొలిచి, దాని నుంచి వాహకత చెప్పే సూత్రం రాశారు. నేటికీ ఏ నమూనా తిరగేసినా కనిపించే, ఎంతో పొందికైన సూత్రం ఇది. ఆవిరితో నిండిన గాలిలో ఆ సంఖ్య సుమారు 14. దాన్ని బట్టి 30 డిగ్రీల దగ్గర వాహకత సెంటీమీటరుకు 0.07 సీమెన్స్, 80 డిగ్రీల దగ్గర 0.12 వస్తుంది. అంటే 50 డిగ్రీల వేడి వాహకతను 1.8 రెట్లు పెంచుతుంది. కానీ నీటి అణువులు 14 నుంచి 3కు పడిపోతే అదే వాహకత ఐదో వంతుకన్నా తక్కువకు దిగుతుంది. వేడి ఇచ్చిన లాభాన్ని ఎండు గాలి వడ్డీతో సహా లాగేసుకుంటుందన్నమాట. ఈ ఘటాలు 80 డిగ్రీల చుట్టుపక్కలే ఎందుకు నడుస్తాయో దీంతో తెలుస్తుంది.

వేడి లెక్క కూడా ఇంతే సూటిగా ఉంటుంది. హైడ్రోజన్‌లోని శక్తి మొత్తాన్ని వోల్టేజిగా చెబితే 1.48. ఘటం 0.65 వోల్టుల దగ్గర, చదరపు సెంటీమీటరుకు 1 ఆంపియర్ ఇస్తున్నప్పుడు 0.65 వాట్ల విద్యుత్తు, 0.83 వాట్ల వేడి పుడతాయి. ఈ వేడిలో పొర నిరోధం వల్ల వచ్చేది కొద్దిగానే. 50 మైక్రాన్ల తడి పొరలో అది 0.05 వాట్లు మించదు. సింహభాగం ఆక్సిజన్ వైపున్న కాథోడు ఉత్ప్రేరకం దగ్గరే పుడుతుంది. ఫుల్లర్, న్యూమన్ ఒకవైపు, గుయెన్, వైట్ మరోవైపు 1993లో నీటిని, వేడిని కలిపి లెక్కగట్టే నమూనాలు ప్రచురించారు. కాని పొర ఉష్ణవాహకత ఎంతో కొలిచి చూసినవారు అప్పటికి తక్కువే.

ఆ లోటు తీరడానికి మరో పదేళ్లు పట్టింది. 2004లో నార్వేలో వీ, షెల్‌స్ట్రుప్ ఘటం లోపలే సన్నని ఉష్ణ యుగ్మాలు పెట్టి, పొర దగ్గరి ఉష్ణోగ్రత బయటి పలకలకన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువని చూపారు. 2006లో ఖండేల్వాల్, మెంచ్ ఎండు నాఫియాన్ ఉష్ణవాహకత మీటరు-డిగ్రీకి 0.16 వాట్లని, పొరకు ఇరువైపులా వాయువులను పంచే టోరే కార్బన్ కాగితానిది దాదాపు 1.8 అని తేల్చారు. 2010లో బుర్‌హైమ్ బృందం నీరు తాగిన పొరలో అది 0.25కు చేరుతుందని కనుగొంది. తడి పొర ప్రోటాన్లనే కాదు, వేడినీ బాగా పోనిస్తుంది. ఎండిపోయిన చోట వేడి నిలిచి, ఆ వేడి మరింత ఎండబెట్టి, చివరకు పొరకు చిల్లి పడే ప్రమాదం ఉంది.

నీటి మీద ఆధారపడని పొరల కోసం వెతుకులాట దీనికి సమాంతరంగా సాగింది. 1995లో వెయిన్‌రైట్, సావినెల్, లిట్ తదితరులు ఫాస్ఫారిక్ ఆమ్లం పీల్చిన పాలీబెంజిమిడజోల్‌ను ప్రతిపాదించారు. ఇది 150 డిగ్రీలు దాటినా పనిచేస్తుంది.

తెలుగు నేల మీద ఈ విద్య ఫాస్ఫారిక్ ఆమ్ల ఘటాలతో మొదలైంది. హైదరాబాదులోని భెల్ పరిశోధన విభాగం 1990లలో 50 కిలోవాట్ల స్థాయిదాకా వాటిని అభివృద్ధి చేసింది. బాలాపూర్‌లో ఉన్న పరిశోధన సంస్థ ఎ.ఆర్.సి.ఐ. చెన్నైలోని తన కేంద్రంలో పాలిమర్ పొర ఘటాలు తయారుచేసింది. విద్యుత్తుకూ వేడికీ రెంటికీ దారి ఇచ్చే విస్తరించిన గ్రాఫైట్ పలకల మీద ఆ సంస్థ చేసిన పని మెచ్చదగినది. 2023లో హైదరాబాదుకు చెందిన ఒలెక్ట్రా, రిలయన్స్‌తో కలిసి హైడ్రోజన్ బస్సును ప్రదర్శించింది.

శ్రీ సత్యసాయి జిల్లా కనగానపల్లి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతం ఈ రంగంలో పరిశోధనకు పేరుపొందింది కాదు. అయితే ఘటానికి కావలసిన దినుసులు, దాన్ని ఇబ్బంది పెట్టే పరిస్థితులు రెండూ ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. నంబులపూలకుంటలో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌర కేంద్రం 2016లో పూర్తయింది. రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడానికి ఈ విద్యుత్తు సరిపోతుంది గాని, కరువు సీమలో నీటి లెక్క కూడా చూసుకోవాలి. పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం హ్యుందాయ్ సముదాయానిది. ఇంధన ఘటం కార్లను 2013 నుంచి వరుస ఉత్పత్తిగా చేస్తున్న సముదాయం అదే. ఎర్రమంచిలో మాత్రం ఆ రకం బండ్లు తయారు కావు.

వేసవి ఇక్కడి అసలు పరీక్ష. 80 డిగ్రీల ఘటానికీ 25 డిగ్రీల గాలికీ తేడా 55. మధ్యాహ్నం 42 డిగ్రీలకు చేరితే అది 38కి తగ్గుతుంది. అంటే అదే రేడియేటరు మూడింట రెండు వంతులకు కాస్త ఎక్కువ వేడినే వదలగలదు. డీజిల్ ఇంజనులో వేడి చాలావరకు పొగగొట్టం గుండా పోతుంది, శీతల ద్రవం కూడా ఇంకా వేడిగా ఉంటుంది. ఇంధన ఘటానికి ఆ సౌలభ్యం లేదు, దాదాపు వేడంతా రేడియేటరే మోయాలి. 44వ జాతీయ రహదారి మీద అనంతపురం నుంచి పెనుకొండ వైపు ఎండలో బరువుతో ఎక్కే లారీకి ఇది పెద్ద లోటు. పైగా లోపలికి పీల్చే వేసవి గాలి ఎండుది. కాథోడులో పుట్టిన నీటినే తిరిగి గాలికి అందించే తేమ పరికరం, లేదా నీరు ఒకవైపు నుంచి మరోవైపుకు సులువుగా పారే అతి పలుచని పొర అవసరం. 2014 నాటి టొయోటా మిరాయ్ రెండో దారి పట్టి, విడిగా తేమ పరికరం లేకుండానే నడిచింది.

కదలని ఘటం విషయంలో వేడే ఆదాయమవుతుంది. జపానులో 2009 నుంచి ఎనె-ఫామ్ పేరుతో అమ్ముతున్న ఇంటి ఘటాలు కరెంటుతోపాటు వేడినీళ్లూ ఇస్తాయి. వాటికి హైడ్రోజన్‌ను ఇంటి గ్యాసు నుంచే తీస్తారు. ధర్మవరంలో పట్టునూలు జిగురు తీసి, రంగు అద్దే పనికి వేడినీళ్లు ఏడాది పొడవునా కావాలి. ఘటం నుంచి వచ్చే 60, 70 డిగ్రీల నీళ్లు కొప్పెర మరగడానికి చాలవు గాని, మరిగించక ముందు వేడి చేసుకోవడానికి సరిపోతాయి.