ఖాళీ రోడ్డును నమ్మకండి

కెఫ్లావిక్ విమానాశ్రయం నుంచి షటిల్ బస్సు మిమ్మల్ని అద్దె కార్ల ఆఫీసు ముందు దింపింది. జూన్ నెల, ఉదయం పది గంటలు. మీ ఒంటికి మాత్రం ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నర. ఐస్‌లాండ్ మనకన్నా అయిదున్నర గంటలు వెనక. రాత్రంతా విమానంలో కూర్చునే కునుకు తీశారు. ఆకాశం నిండా వెలుతురు ఉంది కాబట్టి అలసట తెలియడం లేదు. అది ఉంది, మీకు తెలియడం లేదంతే.

కౌంటర్‌లో అమ్మాయి మన లైసెన్సు, ఆర్టీఏ ఆఫీసులో తీసుకున్న ఐడీపీ (అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్), మీ పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతుంది. ఐడీపీ ఏడాది వరకే చెల్లుతుంది. పక్కన అసలు లైసెన్సు లేకపోతే అది ఉత్త కాగితమే. కార్డు మీద డిపాజిట్ బ్లాక్ చేశాక ఇన్సూరెన్స్ జాబితా మీ ముందు పెడుతుంది. కంకర రాయి తగిలి అద్దం పగిలితే ఒకటి, ఇసుకగాలికి కారు రంగు లేచిపోతే ఇంకొకటి. అన్నీ తీసుకున్నా రెండు నష్టాలు చాలా పాలసీల్లోకి రావు: గాలికి తలుపు విరగడం, ఏరు దాటబోయి ఇంజిన్‌లోకి నీళ్లు పోవడం. సంతకం పెట్టే ముందు ఆ రెండు వాక్యాలూ చదవండి.

కారు చుట్టూ ఒకసారి తిరిగి ఫోన్‌లో వీడియో తీశారు. పాత గీతలు, టైర్లు, ముందు అద్దం, పెట్రోలు ముల్లు అన్నీ అందులో పడ్డాయి. వెనక తలుపు తెరవబోయిన మీ బావమరిది చేతిలోంచి దాన్ని గాలి లాక్కుంది. రెండు చేతులా పట్టుకుని ఆపాడు. ఇక మీదట కారు ఎక్కడ ఆపినా ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి. అప్పుడు గాలి తలుపును మూసేయాలని చూస్తుంది గానీ విరిచేయాలని చూడదు.

స్టీరింగ్ ఎడమ పక్కన ఉంది. ఆటోమేటిక్ అడిగి తీసుకోవడం మంచిదైంది, కుడి చేత్తో గేర్లు మార్చే బాధ తప్పింది. బయటికి మళ్లుతున్నట్టు సిగ్నల్ ఇద్దామని అలవాటు కొద్దీ కుడి చేతి దగ్గరున్న కాడను నొక్కారు. పొడి అద్దం మీద వైపర్లు కిర్రుమంటూ ఊగాయి. ఇండికేటర్ ఎడమ చేతి కిందుంది. ఆ ఆవరణలోనే నాలుగు చుట్లు తిరగండి, ఎవరూ ఏమీ అనుకోరు. హెడ్‌లైట్లు పట్టపగలు కూడా వెలిగి ఉండాలన్నది ఇక్కడి చట్టం. కొన్ని కార్లలో పగటి లైట్లు ముందు మాత్రమే వెలుగుతాయి. మీట తిప్పి వెనక లైట్లు కూడా వెలిగించండి.

పక్క సీట్లో మీ ఆవిడ ఫోన్‌లో మ్యాప్ పట్టుకుంది. బయల్దేరే ముందే ఇద్దరూ ఒక సూత్రం అనుకున్నారు: నడిపే మనిషి ఎప్పుడూ రోడ్డు మధ్య గీత వైపు ఉండాలి, పక్కన కూర్చున్న మనిషి రోడ్డు అంచు వైపు. మన ఊళ్లోనూ ఇంతే, ఇక్కడా ఇంతే. కుడి, ఎడమ అని తికమక పడేకన్నా ఇది గుర్తుంచుకోవడం తేలిక.

రేక్యావిక్ వైపు రోడ్డు వెడల్పుగా ఉంది. ముందు వాళ్ల వెనకాలే పోవడం కాబట్టి ఇబ్బంది లేదు. "ఏమండీ, అంచుకి పోతున్నారు," అంది ఆవిడ. నిజమే, కుడి చక్రాలు తెల్ల గీత మీద ఉన్నాయి. కారు వెడల్పంతా ఇప్పుడు మీకు కుడి పక్కన ఉందని ఒంటికి ఇంకా అలవాటు కాలేదు. కొంచెం ఎడమకి జరిగారు. రౌండబౌట్‌లో ఎడమ నుంచి వచ్చే వాళ్లకి దారిచ్చి, కుడికి దూరి తిరగాలి. రెండు వరుసలుంటే లోపలి వరుసలో ఉన్న కారుదే ముందు హక్కు. అది బయటికి వస్తుంటే బయటి వరుస వాళ్లు ఆగాలి. ఇది ఐస్‌లాండ్ పద్ధతి, చాలామంది విదేశీయులకు తెలియదు.

హెల్లిష్‌హెయిది కొండ ఎక్కి దిగాక ఒకటో నంబరు రోడ్డు మీద రద్దీ పలచబడింది. దేశం చుట్టూ 1,300 కిలోమీటర్ల పైచిలుకు తిరిగే రోడ్డు ఇదే. పేరుకి జాతీయ రహదారి గానీ చాలా చోట్ల పోయేందుకు ఒక వరుస, వచ్చేందుకు ఒక వరుస, పక్కన ఆపుకునేందుకు జానెడు జాగా ఉండదు. ఊరి బయట తారు రోడ్డు మీద 90 దాటకూడదు, కంకర రోడ్డు మీద 80. కెమెరాకి చిక్కితే జరిమానా అద్దె కంపెనీ ద్వారా మీ దాకా వస్తుంది.

పక్కన ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. గాలి వేగం 18 అని చూపిస్తోంది. "పద్దెనిమిదేగా!" అన్నాడు బావమరిది. అది గంటకి కిలోమీటర్లలో కాదు, సెకనుకి మీటర్లలో. 3.6తో హెచ్చవేస్తే దాదాపు 65 కిలోమీటర్లు. కొండ చాటు దాటగానే కారు ఒక్క ఊపు ఊగింది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి వేగం తగ్గించారు.

"బావా, ఆపు ఆపు! గుర్రాలు! ఒక్క ఫొటో!"

ఆపకండి. రోడ్డు మీద ఆగిన అద్దె కారు వెనక వచ్చేవాళ్లకి గోడ లాంటిది. రెండు కిలోమీటర్లు పోతే పార్కింగ్ గుర్తు కనబడుతుంది, గుర్రాలు అక్కడా ఉంటాయి. అంతలోనే రోడ్డుకి ఒక పక్క తల్లి గొర్రె, అవతలి పక్క పిల్ల. మేకల మందల మధ్య బండి నడిపిన మనకి వేరే చెప్పాలా, పిల్ల తప్పకుండా తల్లి దగ్గరికే పరిగెడుతుంది. పూర్తిగా నెమ్మదించండి.

హ్వోల్స్‌వోల్లూర్‌లో పెట్రోలు బంకు. పోసే మనిషి ఉండడు. కార్డు పెట్టి పిన్ నొక్కి మనమే కొట్టుకోవాలి. ఆకుపచ్చ పిడి పెట్రోలు, నల్ల పిడి డీజిల్. మూత లోపల ఏం రాసుందో చూసుకుని మరీ పోశారు.

అసలు గండం ఇప్పుడొచ్చింది. బంకు లోంచి బయటికి వస్తున్నారు. అటూ ఇటూ ఒక్క బండి లేదు. వెనకాల పోదామంటే ముందు కారు లేదు, ఎదురు చూద్దామంటే లైట్లు లేవు. ఇన్నేళ్లుగా చేతుల్లో ఉన్న అలవాటు స్టీరింగ్‌ని ఎడమ వరుస వైపు తిప్పబోతోంది. "కుడి! కుడి!" అని ఆవిడ గట్టిగా అంది. కుడి వరుసలోకి వచ్చారు. నిమిషం గడవకుండానే ఎదురుగా ఒక లారీ రయ్యిన పోయింది. రద్దీలో మనల్ని పక్కవాళ్లు కాపాడతారు. ఖాళీ రోడ్డు మీద కాపాడేది పక్క సీట్లోంచి వచ్చే ఆ ఒక్క మాటే. బంకు, హోటలు, జలపాతం దగ్గరి పార్కింగు, ఎక్కడి నుంచి బయల్దేరినా ఆ మాట పైకి అనాల్సిందే. నవ్వుకున్నా సరే, అనాలి.

సేల్యలాండ్స్‌ఫోస్ జలపాతం చూసుకుని ఒక పక్క రోడ్డు పట్టారు. తారు అయిపోతోందని పసుపు బోర్డు చెబుతోంది. కంకర మీదికి వచ్చాక బ్రేకు తొక్కితే కారు జారుతుంది, రాకముందే వేగం తగ్గించాలి. కాస్త దూరంలో ఒంటివరుస వంతెన. ఎవరు ముందు దగ్గరికి వస్తే వాళ్లు ముందు దాటడం ఇక్కడి ఆనవాయితీ. ఎదుటివాడు ఆగుతాడని మాత్రం లెక్క వేసుకోకండి, మీరే ఆగండి. 2018 డిసెంబరులో బ్రిటన్ నుంచి వచ్చిన భారతీయ సంతతి కుటుంబం ఒకటి ఇలాంటి వంతెన రెయిలింగు విరిగి కిందపడింది. నూప్స్‌వోత్న్ నది మీద అది. ముగ్గురు పోయారు, వాళ్లలో పసిపిల్ల కూడా ఉంది. ఇప్పుడు అక్కడ రెండు వరుసల కొత్త వంతెన కట్టారు. దేశంలో ఒంటివరుసవి ఇంకా చాలానే ఉన్నాయి.

ముందు ఎఫ్ అక్షరంతో మొదలయ్యే నంబరు బోర్డు కనబడితే వెనక్కి తిరగండి. అవి కొండ దారులు, ఫోర్ బై ఫోర్ కార్లకే అనుమతి. రోడ్డు దిగి నాచు నేల మీద చక్రం పెట్టడం నేరం, జరిమానా గట్టిగా ఉంటుంది.

వీక్ అనే ఊరు చేరేసరికి సాయంత్రం ఏడు. ఎండ ఇంకా మధ్యాహ్నంలా కాస్తోంది. మంచు గడ్డలు తేలే యోకుల్‌సార్లోన్ సరస్సు ఇంకో 190 కిలోమీటర్లు. "చీకటి పడదుగా, పోదాం," అన్నాడు బావమరిది. ఆవిడ ఫోన్‌లో వాతావరణ శాఖ వారి 'వేదుర్', రోడ్ల పరిస్థితి చెప్పే 'ఉమ్‌ఫెర్దిన్' తెరిచింది. వీక్ దాటాక నల్ల ఇసుక మైదానం మీద గాలి పెరుగుతోంది. అక్కడ ఇసుక లేస్తే కారు రంగు చెక్కేస్తుంది. హోటల్ వీక్‌లోనే తీసుకున్నారు.

సరైన పని చేశారు. విదేశంలో కారు అద్దెకు తీసుకునేవాళ్లు దిగిన రోజున దూర ప్రయాణం పెట్టుకోకండి. ఒక్క బీరు తాగినా స్టీరింగ్ ముట్టుకోకండి. పిల్లలుంటే వాళ్ల సీటు ముందే బుక్ చేయండి. ఐస్‌లాండ్‌లో ఆపదొస్తే నంబరు 112. పక్కన కూర్చునేవాళ్లని నిద్రపోనివ్వకండి, ఆ సీటుకీ ఒక ఉద్యోగం ఉంది.