పాత కామిక్ ప్రకటనకు ప్రతిపదార్థం

పాత కామిక్స్ కొనేవాళ్ల లోకంలో అమ్మకపు ప్రకటన కూడా ఒక పద్యమే. పొట్టిగా ఉంటుంది. క్రియలు దాదాపు ఉండవు. అలవాటు లేనివాడికి ఒక్క ముక్క అర్థం కాదు. అన్వయించుకోవాలి, పదం పదం విప్పుకోవాలి, రాసినవాడు ఎక్కడ నోరు నొక్కుకున్నాడో కూడా పసిగట్టాలి. అమెరికాలో ఇలాంటి ప్రకటనలు ఎలా ఉంటాయో తెలియడానికి మచ్చుకు ఒకటి నేనే కూర్చాను. మూలం ఇది:

“వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్, 1952. డెల్. బార్క్స్ కథ. వీజీ ప్లస్. సబ్‌స్క్రిప్షన్ క్రీజ్. స్వల్పంగా స్పైన్ రోల్. కవర్ మీద అరైవల్ డేట్. ఆఫ్ వైట్ నుంచి క్రీమ్ పేజీలు. టేప్, ట్రిమ్, కలర్ టచ్ లేవు. మైలార్, బోర్డుతో. స్లాబ్ చేయలేదు.”

ఇక వ్యాఖ్యానం.

వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్, 1952: పది సెంట్ల మాసపత్రిక. 1950ల మొదట్లో నెలకు 30 లక్షల ప్రతులు దాటి అమ్ముడుపోయింది. మరి అన్ని అచ్చయినదానికి ఇప్పుడు ఇంత గిరాకీ ఏమిటి? అచ్చయినవి ఎన్నో ఎవరికీ పట్టదు, మిగిలినవి ఎన్ని, ఎలా మిగిలాయి అన్నదే లెక్క. అమెరికాలో కామిక్స్‌కు గండాలు చాలానే వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో పాత కాగితం సేకరణకు పోయాయి. 1948లో వెస్ట్ వర్జీనియాలోని స్పెన్సర్‌లో, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగంటన్‌లో స్కూళ్ల దగ్గర కుప్పలు పోసి తగలబెట్టారు. 1954లో ఫ్రెడరిక్ వర్తమ్ అనే మనోవైద్యుడు కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని పుస్తకం రాస్తే తల్లిదండ్రులు ఇళ్లలో ఉన్నవి కూడా బయట పారేశారు. అయితే పెద్దల కోపం ఎక్కువగా నేరాల కథల మీద, దయ్యాల కథల మీద. డిస్నీ బాతుల మీద అంత కోపం లేదు. వాటిని పిల్లలే నమిలేశారు. నేరాల కథల్ని ద్వేషం తినేస్తే బాతుల్ని ప్రేమ తినేసిందన్నమాట.

ఇందుకు తిరగేసిన ఉదాహరణ 1991లో వచ్చిన ఎక్స్‌మెన్ మొదటి సంచిక. 80 లక్షలకు పైగా ప్రతులు పోయాయి. రేపు ధర పలుకుతుందని కొన్నవాళ్లలో చాలామంది సంచుల్లో పెట్టి దాచారు. అందరూ దాచారు కనక ఇవాళ దానికి చెప్పుకోదగ్గ ధరే లేదు.

డెల్: ప్రచురణకర్త. 1954లో మిగతా కంపెనీల్లో చాలావరకు, పిల్లలకు హాని లేదని చెప్పే కామిక్స్ కోడ్ ముద్ర కొట్టించుకుంటుంటే, మా పుస్తకాలకు ఆ అవసరం లేదని పక్కన నిలబడిన సంస్థ. ఇంతకంటే ఇక్కడ అక్కర్లేదు.

బార్క్స్ కథ: ప్రకటనలో ధర పెంచే మాట ఇదొక్కటే. కార్ల్ బార్క్స్ 1943 నుంచి ఈ పత్రికలో డోనాల్డ్ డక్ పది పేజీల కథలు రాసి, గీశాడు. పిసినారి అంకుల్ స్క్రూజ్‌ను 1947లో పుట్టించింది ఆయనే. పుస్తకం మీద ఉండేది డిస్నీ పేరు. ఈయన పేరు ఎక్కడా పడేది కాదు. పాఠకులు మాత్రం గీతను బట్టి పోల్చుకుని, పేరు తెలియక ‘గుడ్ డక్ ఆర్టిస్ట్’ అని పిలుచుకున్నారు. అదే 1952లో మద్రాసులో చందమామలో చేరిన కొడవటిగంటి కుటుంబరావు కూడా ఎన్నో కథలు తన పేరు లేకుండానే రాశారు. పిల్లల పత్రికల్లో గొప్పవాళ్లు ఇలా అజ్ఞాతవాసం చేయడం ఒక్క దేశపు ముచ్చట కాదు.

వీజీ ప్లస్: అసలు కిటుకంతా ఈ మాటలోనే ఉంది. వీజీ అంటే వెరీ గుడ్. తెలుగులో చెప్పుకుంటే ‘చాలా మంచిది’. చాలా మంచిదేమీ కాదు. పదికి నాలుగు. ప్లస్ చేరితే నాలుగున్నర. ‘గుడ్’ అంటే రెండు మార్కులు. అంటే కవర్ నలిగి, మూలలు గుండ్రమై, వెన్ను చినిగినా పుస్తకం మొత్తం మీద ఒక్కచోట ఉందని. ‘ఫెయిర్’ ఒకటి, ‘పూర్’ అర. పైకి పోతే ఫైన్‌కు ఆరు, వెరీ ఫైన్‌కు ఎనిమిది, నియర్ మింట్‌కు 9.4. పెళ్లి ప్రకటనలో ‘చామనఛాయ’ అని రాస్తే మనం ఏమర్థం చేసుకుంటామో, ఇక్కడ ‘గుడ్’ అని రాస్తే అదే అర్థం చేసుకోవాలి.

ఈ మాటలు పాత కాలపువి. రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ 1970లో మొదటి ధరల గైడ్ వేశాక అందరి నోళ్లలో స్థిరపడ్డాయి. ఎవరి సరుకు వాళ్లకు ‘ఫైన్’గానే కనిపిస్తుంది కనక తగాదాలు తప్పలేదు. ఫ్లోరిడాలోని సీజీసీ అనే సంస్థ 2000లో బయటివాళ్ల పుస్తకాలకు రుసుము తీసుకుని మార్కులు వేయడం మొదలుపెట్టింది. పది నుంచి అర దాకా 25 మెట్లు. ఆ మెట్ల అమరికే ఒక వింత. నడిమధ్యలో అరేసి మార్కు తేడా. పైకి పోయేకొద్దీ 9.2, 9.4, 9.6, 9.8, 9.9 అని మెట్లు ఇరుకవుతాయి. 9.6కూ 9.8కీ తేడా మామూలు కంటికి ఆనదు. వెన్ను మీద వెంట్రుకంత గీత ఒకటి ఎక్కువో తక్కువో, అంతే. ధరలో మాత్రం ఆ గీత చాలా పెద్దది.

నాలుగున్నర వచ్చిన పుస్తకం ఎలా ఉంటుంది? కవర్ పిన్నులకు అంటుకునే ఉంటుంది. మెరుపు తగ్గి ఉంటుంది. మడతలుంటాయి, అంచుల్లో చిన్న చిరుగులుంటాయి. ఒకటికి పదిసార్లు చదివారు, పారేయలేదు అని తెలుస్తూ ఉంటుంది. నన్నడిగితే పుస్తకం అన్నది ఉండాల్సిన స్థితి ఇదే. నా మాట బజారులో చెల్లదు.

సబ్‌స్క్రిప్షన్ క్రీజ్: నడిమికి నిలువుగా పడిన మడత. చందాదారులకు డెల్ వాళ్లు పుస్తకాన్ని నిలువునా సగానికి మడిచి టపాలో పంపేవాళ్లు. ఆ మడత ముఖచిత్రం మధ్యలో తెల్లని గీతలా నిలిచిపోతుంది, ఏం చేసినా పూర్తిగా పోదు. ఈ పేరులో చిన్న మర్యాద ఉంది. ‘మడిచారు’ అంటే ఎవడో మొరటువాడు పాడుచేశాడని అర్థం వస్తుంది. ‘చందా మడత’ అంటే తప్పు తపాలా శాఖ మీదికి పోతుంది. మార్కులేసేవాడికి రెండూ ఒకటే. పుస్తకం నిండా ఎంత శుభ్రంగా ఉన్నా ఈ ఒక్క మడతతో బాగా కిందికి దిగుతుంది. ఈ పదాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

స్పైన్ రోల్: చదువుతున్న పేజీ ఒక్కటే కనపడేలా ఎడమ సగాన్ని వెనక్కి తిప్పి పట్టుకుంటాం కదా, అలా పట్టుకుని చదివిన పుస్తకానికి వెన్ను పక్కకు ఒరిగిపోతుంది. ముందు కవర్ అంచు, వెనక కవర్ అంచు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ఒక్కసారి చదివితే రాదు, అలవాటుగా చదివితే వస్తుంది. దీనికి ‘ప్రెసింగ్’ అనే వైద్యం ఉంది. తగుమాత్రం తేమ, వేడి, బరువు పెట్టి కాగితాన్ని చదును చేస్తారు. సీజీసీ దీన్ని మరమ్మతు కింద లెక్కగట్టదు. మోసం అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే అలా అనిపించదు. పంచెకు ఇస్త్రీ చేస్తే కొత్త పంచె అయిపోదు, ఎవరూ అలా అనుకోరు కూడా. చేతగానివాడి చేతిలో పడితే మాత్రం ఇస్త్రీకే కాలుతుంది.

అరైవల్ డేట్: కొట్టుకు సరుకు వచ్చిన రోజున దుకాణదారు కవర్ మీద పెన్సిల్‌తో రాసిన తేదీ, లేదా కొట్టిన రబ్బరు ముద్ర. ఏది ఎప్పుడొచ్చిందో, ఏది ఎప్పుడు వెనక్కి పంపాలో తెలియడానికి. అమ్ముడుపోని పుస్తకం మొత్తం పంపనక్కర్లేదు. కవర్ పైభాగం, పేరున్న ముక్క చింపి పంపితే డబ్బు జమ అయ్యేది. తల తెగిన పుస్తకాలు అలా పుట్టినవే. తేదీ ఉన్నంత మాత్రాన మార్కు పెద్దగా తగ్గదు. కొందరికి ముచ్చట కూడా.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. చందా పుస్తకం కొట్టుకు వెళ్లదు, ప్రచురణకర్త దగ్గర నుంచి తిన్నగా ఇంటికొస్తుంది. కొట్టు తేదీ ఉన్న పుస్తకానికి చందా మడత ఎలా పడింది? రెండూ నిజం కాలేవు. తేదీ కవర్ మీద కళ్లెదుట ఉంది కనక అది నిజం. అయితే ఆ మడత టపాలో పడింది కాదు. ఏ పిల్లవాడో నిలువునా మడిచి ప్యాంటు వెనక జేబులో దోపుకుని సైకిలెక్కి ఉంటాడు. అమ్మేవాడు అబద్ధం చెప్పాడని కాదు, అమ్మేవాళ్లలో నిలువు మడత దేన్నయినా ఇలాగే అంటారు. కానీ ఈ వాడుక మాటలతో సరిపెట్టుకునే మనిషి మిగతావి ఎంత జాగ్రత్తగా చూసి ఉంటాడన్నది ఆలోచించాల్సిన విషయం.

ఆఫ్ వైట్ నుంచి క్రీమ్ పేజీలు: లోపలి కాగితం చౌక న్యూస్‌ప్రింట్. కలపను నూరి చేస్తారు, అందులోని లిగ్నిన్ తీసేయరు. వెలుతురు, గాలి తగిలేకొద్దీ ఆ లిగ్నిన్ పసుపెక్కుతుంది. కాగితంలోని ఆమ్లం పీచును తెంపేస్తుంది. తెలుపు, ఆఫ్ వైట్, క్రీమ్, టాన్, ఆ తరవాత ‘బ్రిటిల్’. వేలు తగిలితే అప్పడంలా పెళుసుగా విరగడమే బ్రిటిల్. దానికి మందు లేదు. వేడి, తేమ ఈ ప్రయాణాన్ని తొందరపెడతాయి.

చల్లగా, పొడిగా, చీకట్లో ఉంటే ఎలా ఉంటుందో 1977లో కొలరాడోలోని డెన్వర్‌లో తెలిసింది. ఎడ్గార్ చర్చ్ అనే వాణిజ్య చిత్రకారుడు ఏళ్ల తరబడి కొని ఇంట్లో దొంతర్లుగా పేర్చిన 18,000కు పైగా కామిక్స్‌ను చక్ రోజాన్‌స్కీ అనే వ్యాపారి కొన్నాడు. 1930ల, 40ల నాటి పుస్తకాలు నిన్న కొట్లోంచి తెచ్చినట్టున్నాయి. దొంతరలో ఒకదాని మీద ఒకటి బిగిసి కూర్చోవడంతో లోపలికి గాలి చొరలేదు. ఊరు సముద్రానికి మైలు ఎత్తున ఉంది, గాలి పొడి. ‘మైల్ హై’ ప్రతి అంటే ఇప్పటికీ కొనేవాళ్లు కళ్లకద్దుకుంటారు. మైలార్లూ బోర్డులూ తెలియని ఇంట్లో ఇది జరిగింది. విజయవాడలో పేర్చి ఉంటే ఒక్క వానాకాలంలో ఏమయ్యేవో చెప్పనక్కర్లేదు. ముందు పిన్ను తుప్పు పడుతుంది, ఆ తుప్పు కాగితాన్ని తింటుంది, మిగిలింది చెదపురుగు చూసుకుంటుంది.

టేప్, ట్రిమ్, కలర్ టచ్ లేవు: మూడు పాపాల పట్టిక. టేప్ అంటించింది ప్రేమతోనే. చిరుగు కనపడగానే ఎవరైనా వెతికేది దాన్నే. కొన్నేళ్లకు జిగురు గోధుమరంగుకు తిరిగి కాగితంలోకి దిగుతుంది, పీకితే సిరాతో సహా ఊడొస్తుంది. కలర్ టచ్ అంటే వెన్ను మీద తెల్లబడ్డ చోట పెన్నుతో రంగు పూయడం. సీజీసీలో మామూలు పుస్తకానికి నీలం చీటీ, రంగు పూసి బాగుచేసినదానికి ఊదా చీటీ. ఊదా చీటీ చూడగానే ధర దిగిపోతుంది.

ట్రిమ్ అంటే అంచులు కోసి సమం చేయడం. ఈ మాట దగ్గర నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. మా ఇంట్లో చందమామలు ఏడాదికొకసారి బైండింగుకు వెళ్లేవి. బైండరు పన్నెండు సంచికలూ కలిపి కుట్టి, మూడు వైపులా కత్తి వేసి, గట్టి అట్ట తొడిగి ఇచ్చేవాడు. అది మాకు సంపద. తెలుగు ఇళ్లలో వారపత్రికల సీరియళ్లు, పిల్లల పత్రికలు మిగిలాయంటే బైండు చేయించబట్టే. కామిక్ మార్కుల పద్ధతిలో చూస్తే అదంతా ధ్వంసమే: పిన్నులు పీకారు, అంచులు కోశారు, వెన్నుకు జిగురు పూశారు. కానీ వాటిని ఇప్పటికీ చదువుకోగలుగుతున్నాం. కాపాడటం దేనికన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుందని ఈ మార్కులవాళ్లు ఒప్పుకోరు. ఒకటి మాత్రం చెప్పాలి: ఇవాళ మీ చేతికి విడి సంచిక దొరికితే బైండింగుకు ఇవ్వకండి.

మైలార్, బోర్డుతో: మైలార్ అన్నది డూపాంట్ వాళ్లు పెట్టిన పేరు, సరుకు పాలియెస్టర్ ఫిల్మ్. గాజులా మెరుస్తుంది, ఆమ్లం విడవదు, దశాబ్దాలు ఉంటుంది. పాలిథిన్, పాలీప్రొపిలీన్ సంచులు చౌక, కొన్నేళ్లకోసారి మార్చాలి. పీవీసీ ఆల్బంలు అసలు వద్దు. వెనక పెట్టే బోర్డు ఆమ్లం లేనిదై ఉండాలి, కాల్షియం కార్బొనేట్ కలిపినదైతే కాగితంలో పుట్టే ఆమ్లాన్ని కొంత విరుస్తుంది. మామూలు అట్టముక్క పెడితే దొంగకే తాళం ఇచ్చినట్టు, అట్టలోనే ఆమ్లం ఉంటుంది. పుస్తకాలు నిలువుగా, నేల మీద కాకుండా, వంటగదికీ స్నానాల గదికీ దూరంగా పెట్టాలి. మనవాళ్లు బీరువాలో వేసే కలరా ఉండలు ఈ పెట్టెలో వద్దు, ఆ వాసన కాగితాన్ని ఇక వదలదు.

స్లాబ్ చేయలేదు: మార్కు వేయించి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసేయడమే స్లాబ్. 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, అంటే సూపర్‌మ్యాన్ మొదటి కథ ఉన్నది, 9.0 మార్కుతో 2014లో 32 లక్షల డాలర్లకు పైగా పలికింది. అంత ధర పెట్టేవాడికి మూడో మనిషి పూచీ కావాలి, కాదనను. కానీ స్లాబ్‌లో ఉన్న పుస్తకం తెరుచుకోదు. పెట్టె పగలగొడితే ఆ మార్కూ పోతుంది. ముందు కవర్, వెనక కవర్ చూసుకుంటూ కూర్చోవాలి. బార్క్స్ పది పేజీలు లోపలే ఉండిపోతాయి. ఈ ప్రకటనలో ‘చేయలేదు’ అన్న మాటే నాకు అన్నిటికంటే నచ్చింది.

అధ్యాహారం: మూలంలో లేకపోయినా అర్థం కోసం తెచ్చుకోవాల్సిన పదం. ఇక్కడ లోపించింది ‘పేజీలన్నీ ఉన్నాయి’ అన్న మాట. పిల్లలు కూపన్లు కత్తిరించుకునేవాళ్లు. మార్వెల్ వాళ్లు 1974లో ఉత్తరాల పేజీలో కత్తిరించుకోవడానికి స్టాంపులు వేశారు. వుల్వరిన్ పూర్తిగా కనిపించిన హల్క్ 181వ సంచిక ఆ ఏటిదే. అది దొరికితే కవర్ కంటే ముందు స్టాంపు ఉందో లేదో చూస్తారు. మన ప్రకటనలో టేప్ లేదన్నాడు, ట్రిమ్ లేదన్నాడు, లోపల కత్తెర పడలేదని మాత్రం అనలేదు. పిన్నుల సంగతీ ఎత్తలేదు.

తీర్పు: ఇది వీజీ ప్లస్ అయి ఉండదు. నిలువు మడత, వెన్ను వాలు రెండూ ఉన్నాక నేనైతే మూడున్నర దగ్గర ఆగుతాను. వెనక కవర్ ఫొటో, నడిమి పేజీ పిన్నుల ఫొటో అడగండి, పేజీలు లెక్కపెట్టి చెప్పమనండి. అన్నీ సరిగ్గా ఉంటే మూడున్నర ధరకు బేరమాడి కొనండి. ఇంటికొచ్చాక చేతులు కడుక్కుని, తడి ఆరాక, మైలార్‌లోంచి తీసి ముందు కథ చదవండి.