ఎవరి కత్తి గుంజుకున్నారు?

'పోలీస్ యాక్షన్' మాటెత్తితే చాలు, తెలంగాణ ముస్లిం ఇళ్లల్లో ముసలోళ్లు గొంతు తగ్గించేవాళ్లు. ఆయుధం ధరించే హక్కు గురించి మేం మాట్లాడాలంటే ఆ తగ్గిన గొంతు దగ్గరికే పోవాలి. అయితే ఆ కథ వెనక డెబ్బై ఏళ్ల కథ ఇంకొకటుంది.

1857 తిరుగుబాటు తెల్లవాడిని వణికించింది. 1878లో లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. ఈ దేశంవాడు తుపాకీ పట్టాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకు అక్కర్లేదు. దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టమూ ఆ ఏడే వచ్చింది. చేతికీ నోటికీ ఒకేసారి తాళం! నిషేధం కన్నా ఎక్కువ అవమానం ఆ మినహాయింపులోనే ఉంది. ఎవరిని నమ్మొచ్చో ఎవరిని నమ్మకూడదో పుట్టుకే తేల్చేసింది. కాంగ్రెస్ 1887 మద్రాసు సభలోనే ఈ చట్టం సడలించమని అడిగింది. 1931 కరాచీ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది.

స్వరాజ్యం వచ్చింది. 1948 డిసెంబరు మొదట్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ పాత కోరికనే సవరణగా పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. అందరికీ ఆ హక్కిస్తే దొంగలూ అడుగుతారన్నారు. సవరణ వీగిపోయింది. సిక్కుల కృపాణం మాత్రం మతస్వేచ్ఛలో భాగంగా 25వ అధికరణంలో నిలిచింది.

అంబేద్కర్ మాటే మాకూ సబబనిపిస్తుంది. ఇంటింటికీ తుపాకీ ఉన్న ఊళ్లో ముందు చచ్చేది పేదవాడే.

కానీ ఢిల్లీలో ఆ చర్చ జరుగుతున్న రోజుల్లోనే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ హైదరాబాద్ సంస్థానంలో తిరుగుతున్నారు. సెప్టెంబరులో సైన్యం వచ్చాక ఏం జరిగిందో చూసి రమ్మని కేంద్రమే వాళ్లను పంపింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్లు అంచనా కట్టారు. ముస్లింల దగ్గరున్న ఆయుధాలు సైన్యం గుంజుకుందనీ, హిందువుల ఆయుధాలు చాలాచోట్ల వాళ్ల చేతుల్లోనే ఉండిపోయాయనీ ఆ నివేదిక సారం. ముస్లింలను కాపాడిన సైనికాధికారులున్నారనీ అందులోనే ఉంది. ఆ నివేదికను దశాబ్దాలపాటు ప్రజలకు చూపలేదు.

రజాకార్ల తుపాకులు గుంజుకోవాల్సిందే. ఊళ్లు తగలబెట్టిన ఆ చేతులను మేం వెనకేసుకురాం. కానీ ఖాసిం రజ్వీ ముఖమైనా చూడని దూదేకేవాడూ, జట్కా తోలేవాడూ, గాజులమ్మేవాడూ ఏం చేశారు? వాళ్ల నేరం వాళ్ల పేర్లలోనే ఉందా? 1878లో తెల్లవాడు రంగు చూసి నమ్మాడు. 1948లో మన ఊళ్లల్లో పేరు చూసి నమ్మారు. రెండుసార్లూ చట్టం పేరు శాంతిభద్రతలే!

1959లో మనం రాసుకున్న ఆయుధాల చట్టంలో తెల్లవాడి మినహాయింపు లేదు. కాగితం మీద అందరం సమానమే. కానీ సోదాకొచ్చే జవాను కాగితాన్ని చూడడు, గడప మీద పేరు చూస్తాడు. అక్కడే మా భయం.

అందుకే మేం తుపాకీ అడగడం లేదు. తుపాకీతో బతికే సమాజం మాకొద్దు. గుంజుకునేటప్పుడు అందరి దగ్గరా గుంజుకోమంటున్నాం, అంతే. పక్కింటి బరిసె పక్కింట్లోనే ఉంచి మా వంటింటి కత్తి పట్టుకుపోతే, ఆ రాత్రి ఏం జరుగుతుందో చెప్పడానికి మా ముసలోళ్ల తగ్గిన గొంతులు చాలు.